ఆర్కిటిక్‌లో అత్తగారి అటుకులు

అమెరికా దాకా వచ్చి షాపింగ్ మాల్స్ చూసి పోతానా, సూర్యుడు అస్తమించని చోటు చూపించండి అని పట్టుబట్టారు మా అత్తగారు. అరవై ఐదేళ్ళ మనిషి, కాదనలేకపోయాం. 1984 జూన్ ఆఖర్లో నేనూ, మా ఆవిడ సరళా, అత్తగారూ పొద్దున ఏడింటికి డెట్రాయిట్‌లో విమానం ఎక్కి, సియాటిల్‌లో మారి, సాయంత్రానికి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ చేరాం.

మర్నాడు తొమ్మిదింటికి నది రేవులో హ్యాంక్ అనే పైలట్, నేను ఇంజినీర్నని మాటల్లో తెలుసుకుంటూ, మమ్మల్నీ సామాన్లనీ కాటా మీద తూచాడు. నీళ్ళ మీద దిగే నాలుగు సీట్ల విమానం. వెనక సీటుకి ఆనించి ఒక పెట్టె ఉంది. మూత తీస్తే అన్నీ మాంసం డబ్బాలే. ఎక్కడైనా చిక్కుకుపోతే తినడానికట. మా అత్తగారు ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే మనిషి. ఆవిడ వీపు వెనక రెండున్నర గంటలు మాంసమా అని నా ప్రాణం ఒప్పలేదు. హ్యాంక్ పెట్రోల్ పట్టిస్తుండగా పెట్టె దించి షెడ్డులో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. పైగా ఘనకార్యం చేశాననుకున్నాను.

పన్నెండింటికి ఆర్కిటిక్ వలయం అవతల కొండల మధ్య సరస్సులో దిగాం. ఊరు లేదు, రోడ్డు లేదు. అత్తగారు చెప్పులు విప్పి సూర్యుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఒంటిగంటకల్లా పొగమంచు కమ్మేసి విమానం తోక కూడా కనబడలేదు. కొండలడ్డు, రేడియో పలకలేదు. కిందటేడు ఇక్కడే తొమ్మిది రోజులు ఆగిపోయానని చెబుతూ హ్యాంక్ నింపాదిగా డేరా వేశాడు. తిండి ఉందిగా అని ధీమా. పెట్టె కోసం లేచాడు. అప్పుడు చెప్పక తప్పలేదు.

హ్యాంక్ లేచినవాడు మళ్ళీ కూలబడ్డాడు. "ఇరవై ఏళ్ళలో ఎలుగుబంట్లు నా తిండి ఎత్తుకుపోయాయి గానీ, ఇంజినీర్ ఎత్తుకుపోవడం ఇదే మొదటిసారి" అన్నాడు. సరళ విసురుగా లేచి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. చలికి అత్తగారి పెదవులు నల్లబడుతుంటే నాకు నిజంగా భయం వేసింది.

ఆవిడ మాత్రం సంచీ విప్పారు. అటుకులు, వేరుశనగపప్పు, బెల్లం, ఉప్పూకారం. పూటకి మనిషికి గుప్పెడు. విమానం నడపాల్సినవాడని హ్యాంక్‌కి గుప్పెడున్నర. రెండోరోజు అతను చేప పట్టాడు. నేను బిక్కుబిక్కుమంటూ అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఉప్పూకారం తీసి అతని చేతిలో పోసి, "చప్పిడిది ఎలా తింటాడు పాపం" అన్నారు. అతను కళ్ళనీళ్ళు కారుస్తూ తిని ఇంకాస్త అడిగాడు. ఆ పూట అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

మూడోరోజు అటుకులు అయిపోయాయి. రెండింటికి ఎండ వచ్చింది. గాల్లోకి లేవగానే నలుగురం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం.

వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, అంత ఆనందం నేను మరెక్కడా ఎరగను. విమానంలోంచి మాత్రం ఏదీ దించకండి.

సియాటిల్ నుంచి తిరుగు విమానంలో అత్తగారు అడిగారు, ఆ పెట్టె ఎందుకు దించారు బాబూ అని. మీకోసమే అన్నాను.

"మీరు చూడలేదు గానీ, మీ మావగారు మిలిటరీలో పదిహేనేళ్ళు చేశారు. అలాంటి మాంసం డబ్బాలు విప్పి ఆయనకి వేయించి పెట్టింది నేనే. ఒక్కమాట నన్నడిగితే పోయేది కదా" అన్నారు.

పక్క సీట్లో సరళ దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.