అతిథి పరిచయమూ, అవ్వ పొట్టేలూ

ఎనభైల చివర్లో మోత్కూర్‌లో మాకొక ముచ్చట్ల సంఘం ఉండేది. ప్రతి ఆదివారం సాయంత్రం గ్రంథాలయం గదిలో ఒక అతిథి మాట్లాడేవారు. ఆ తర్వాత విన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి తమ అనుభవాలు చెప్పుకునేవారు. అతిథిని సభకు పరిచయం చేసే బాధ్యత నాది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమంటే అతిథిని అవమానించడమేనని నా గట్టి నమ్మకం. రెండు పద్యాలు రాసినాయనను మహాకవిని చేశాను. ఒక్కసారి బొంబాయి చూసొచ్చిన పంతులును ప్రపంచయాత్రికుణ్ణి చేశాను. కాదన్న అతిథి ఒక్కడూ లేడు.

ఆ వారం వచ్చినది పశువుల దవాఖాన కాంపౌండరు సాబు. గొర్రెల జబ్బుల గురించి చెబుతాడని తెలిసి చుట్టుపక్కల గొర్రెలకాపరులంతా దిగారు. నలభై మంది పట్టే గదిలో నాలుగు వందల మంది! కిటికీ చువ్వలకు వేలాడినవాళ్ళు వేరే. అంత జనాన్ని చూసేసరికి నాకు పూనకం వచ్చింది.

"ఈయన గొర్రెను చూడనక్కర్లేదు! ఆమడ దూరం నుంచి దాని అరుపు విన్నారంటే చాలు, రోగమేదో, మందేదో చెప్పేస్తారు!" అన్నాను. చప్పట్లకు పైకప్పు రేకులు జానెడు లేచి మళ్ళీ కూర్చున్నాయి. సాబు మాత్రం ఇక లాభం లేని బర్రెను చూసినట్టు నన్ను చూశాడు.

ఆయన ప్రసంగం అయింది. అనుభవాల వంతు రాగానే గొంగడి కప్పుకున్న ఒక అవ్వ లేచింది.

"నా ముచ్చట ఒక్కటే బిడ్డా. మంద మొత్తానికి ఒక్కటే పొట్టేలు. మూడొద్దులాయె, గడ్డి ముట్టుతలేదు. బయట కట్టేసొచ్చిన. జర దాని అరుపు విని చెప్పు సాబూ, బతుకుతదా?"

బయట పొట్టేలు నీరసంగా "మే" అంది. నేను మెల్లగా పుస్తకాల బీరువా చాటుకు జరిగాను.

సాబు లేచాడు. "అవ్వా, అరుపు వింటే రోగం తెల్వదు. ఎవ్వలకూ తెల్వదు. గీ సారు కోతలు కోసిండు."

నాలుగు వందల తలలు నావైపు తిరిగాయి. "ఏం సారూ, గొర్లు కాసేటోళ్ళమని మమ్మల్నే గొర్లను చేస్తివా?" అన్నారెవరో కిటికీలోంచి.

అవ్వకు నన్ను తిట్టే తీరిక లేదు. "మరి చూస్తె తెలుస్తదా?"

"చూస్తె తెలుస్తది. పా."

సభ సభంతా బయటికి ఉరికింది. ఆ పొట్టేలు ఏనుగుకు తమ్ముడిలా ఉంది. "నువ్వే పట్టుకో కొమ్ములు! గంతగనం మాట్లాడినవ్ గదా!" అన్నాడు సాబు నాతో. అవ్వ తాడు విప్పింది, నేను పట్టుకున్నాను. అది నన్ను వాకిలి చుట్టూ మూడుసార్లు ఊరేగించి, అప్పుడు నిలబడింది. సాబు దాని దవడలు విడదీసి లోపలికి చూశాడు.

"నాలుక కింద తుమ్మముల్లు దిగింది. చిమ్టా ఉందా అవ్వా?"

కాళ్ళలో ముళ్ళు తీసుకునే చిమ్టా అవ్వ కొంగు ముడిలోనే ఉంది. సాబు ఒక్క గుంజు గుంజాడు. ముల్లు జానెడుంది. మూరెడని చెప్పేవాణ్ణే గాని, ఆ రోజు నుంచి కొంచెం తగ్గించుకున్నాను.

"ఇగ తింటదా సాబూ?"

"చూద్దాం."

ఎవరూ కదల్లేదు. పొట్టేలు మూతి నాక్కుంది, అటూ ఇటూ వాసన చూసింది. ఎదురుగా వంగి ఉన్న సాబు మెడలో సభలో మేం వేసిన బంతిపూల దండ. ఒక పువ్వు కొరికింది. నమిలింది. ఇంకో పువ్వు కొరికింది.

"తిను నాయినా, తిను," అంటూ అవ్వ దాని వీపు నిమురుతోంది. దండలో ఒక్క పువ్వు కూడా లేకుండా అయ్యేంతవరకూ సాబు వంచిన నడుము ఎత్తలేదు.