ఎంటర్ మీద వేలు

అప్పుడు నాకు పాతికేళ్లు. మిర్యాలగూడలో ఒక దవాఖానకు టోకెన్ల ప్రోగ్రామ్ రాసిచ్చాను. దాని స్క్రీన్లు నడిపే సాఫ్ట్‌వేర్‌ను నేను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడే ఒక్కో పేషెంటుకు మూడేసి టోకెన్లు రాసాగాయి. తప్పు కౌంటర్‌లో టోకెన్లు కొట్టే యాదమ్మగారిదేనని, ఆమెను తీసేస్తానన్నాడు ఓనర్.

"ఎంటర్ జర మెల్లగ ఒత్తక్కా" అని అందరి ముందూ నేనూ విసుక్కున్నాను.

"టైపు మిషన్ మీద నేర్సుకున్న సార్, గట్టిగ ఒత్తుడే అలవాటు. నిన్నటిదాంక మంచిగనే వచ్చింది గద" అన్నారామె.

ఆ మాటతో అనుమానం వచ్చి, ఆమెలాగే ఎంటర్‌ను గట్టిగా కాసేపు నొక్కిపట్టాను. మూడు టోకెన్లు వచ్చాయి. వేలు తీసేదాకా మళ్లీ మళ్లీ నొక్కినట్టే లెక్కేస్తోంది కొత్త వెర్షన్. నేనే చూసుకోలేదు. తప్పు నాదేనని ఓనర్‌కు చెప్పి, అరగంటలో సరిచేశాను.

నెల తర్వాత వెళ్తే, ఆమె ఎంటర్‌ను నిద్రపోయే పసిపాపను తాకినట్టు తాకుతున్నారు.

"ఇప్పుడు గట్టిగ ఒత్తినా ఏం కాదక్కా."

"వద్దు సార్, గిట్లనే మంచిగున్నది."

ప్రోగ్రామ్ అరగంటలో బాగైంది. నా విసుగు మాత్రం ఆమె వేలి మీద ఇంకా ఉంది.