రెండు బుకింగులు, ఒక హెల్మెట్

పొద్దున అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసు. తొమ్మిదిన్నరకు పంజాగుట్టలో ఆఫీసు. మధ్యలో నాకు దొరికేది ఇరవై నిమిషాలు. అందుకే రెండు బైక్ యాప్‌లలోనూ ఒకేసారి బుక్ చేసి, ముందొచ్చిన బండి ఎక్కి, రెండోది క్యాన్సిల్ చేసేవాణ్ణి. క్లాసులో అందరూ చేసే పనే. ఏ యాప్ ఎన్ని నిమిషాల్లో వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అవి పోటీ పడినంత కాలం మనకే లాభం అనుకున్నాను.

అంతకుముందు ఏడాది మెట్రో మెట్ల కింద స్టాండులో ఒకే ఆటో ఎక్కేవాణ్ణి. యాప్‌లు వచ్చాక ఆ ఆటో అన్న ముందు నుంచి తల వంచుకుని నడిచేవాణ్ణి.

ఆ రోజు మొదటి యాప్ బైకతను సరిగ్గా ఆ స్టాండు దగ్గరే ఆగి నాకోసం చూస్తున్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉండగానే ఆటో అన్న వచ్చి అతని హెల్మెట్ లాక్కున్నాడు.

"గీడ ఆపొద్దని నిన్న సుత చెప్పిన."

హెల్మెట్‌తోనే ముఖం మీద మూడు దెబ్బలు కొట్టాడు. పెదవి చీలింది. బండి పడిపోయింది. మరో ఇద్దరు డ్రైవర్లు వచ్చి పక్కటెముకల మీద తన్నారు. అతను ముఖానికి చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతో ఫోన్‌ను పొట్టకు అదుముకున్నాడు.

రోడ్డుకు అవతల రెండో యాప్ బండి ఆగింది. నా బొటనవేలు అలవాటుగా మొదటి బుకింగును క్యాన్సిల్ చేసింది. రైడ్ క్యాన్సిలైందని కిందపడినవాడి ఫోన్ మోగింది. అవతలి బండి గొడవ చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అతను నెత్తురు ఉమ్మి, చుట్టూ చూశాడు. "బుక్ చేసినోళ్ళు ఎవరన్నా? మళ్ళ బుక్ చెయ్యుండ్రి. ఇంకో రైడ్ పోతే యాప్‌ల నా ఐడీ బంద్ అయితది."

ఆటో అన్న నా చేతిలోని ఫోన్ చూశాడు.

"నువ్వా తమ్మీ," అన్నాడు. గొంతు పెంచలేదు. "నీకోసమా నేను గీన్ని కొట్టింది?"

నేను అక్కడే నిలబడి మొదటి యాప్‌లోనే మళ్ళీ బుక్ చేశాను. కిందపడినవాడు తన ఫోన్ వైపే చూస్తున్నాడు. అది మోగలేదు. రెండు నిమిషాల్లో బండి వస్తుందని నా స్క్రీన్ చూపించింది. బండి నంబరు మాత్రం అతనిది కాదు.

నా భుజం మీదుగా ఆటో అన్న కూడా ఆ నంబరు చదివాడు. చేతిలోని హెల్మెట్ సరిగ్గా పట్టుకుని రోడ్డు వైపు తిరిగాడు.