నా పదిని ఒకటి అని రాశాను

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, నా భర్త టిఫిన్ డబ్బా పట్టుకొని మొదటి షిఫ్టుకు పోయాడు, మళ్ళీ రాలేదు. గని లోపల పైకప్పు కూలిందని చెప్పడానికి మధ్యాహ్నం మా క్వార్టర్ ముందు నలుగురు వచ్చి నిలబడితే, వాళ్ళు నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది, ఆ తరువాత సంగతులు నాకు సరిగ్గా గుర్తు లేవు. అప్పటికి నా బిడ్డ గ్రేస్ ఏడో తరగతి. నేను బడికి పోయినదాన్ని కాదు, మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకొని దేవుని వాక్యం మీద వేలు పెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు, ఆ అక్షరాలతోనే మన సంఘ పత్రికకు ఇది రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

భర్త పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తారు కదా, అట్లా నాకు ల్యాంపు రూంలో పని దొరికింది. గనిలోకి దిగేవాళ్ళ టోపీలకు పెట్టుకునే లైట్లు మేమే ఇస్తాం, షిఫ్టు అయ్యాక మేమే తిరిగి తీసుకుంటాం, ఒక్కో లైటుకు ఒక్కో నంబరు, ఒక్కో గూడు. మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగే వేళకు, అంటే వాళ్ళు పని ముగించి పైకి వచ్చే వేళకు, లైట్లు ఒక్కొక్కటే గూళ్ళలోకి చేరుతుంటాయి. ఏ గూడైనా ఖాళీగా మిగిలితే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. చాలాసార్లు ఆ మనిషి పైకి వచ్చే ఉంటాడు, బయట మాటల్లో పడి ఉంటాడు, అంతే సంగతి. కానీ ఆ ఖాళీ గూడు చూస్తే చేతిలో పని వదిలేసి, ఆ మనిషి కనబడేదాకా వాకిట్లోనే నిలబడేదాన్ని, రోజూ అదే, ఆదివారం డ్యూటీ పడినా అదే. అన్నం సయించేది కాదు. పొద్దున లేవగానే నన్ను తీసుకుపో ప్రభువా అని అడిగేదాన్ని, పక్కన పడుకున్న బిడ్డ మొహం చూస్తూ కూడా అడిగేదాన్ని, ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఏడాది గడిచాక జ్ఞాపకార్థ కూడికలో పాస్టరయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మన దగ్గర సాక్ష్యమంటే చీకటి దాటాక చెప్పేది, ఇంకా చీకట్లోనే ఉన్నానని మైకు పట్టుకొని ఎవరు చెబుతారు? ప్రభువు నా దుఃఖమంతా తీసేశాడు, నాకు సమాధానం ఉంది అని చెప్పేశాను. మీరందరూ దేవునికే మహిమ అన్నారు. ఇంటికి వచ్చి స్నానాల గదిలో కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

నాతో పనిచేసే రజియక్క నా సంగతి కనిపెట్టింది. ఆమె భర్త కూడా గనిలోనే పోయాడు. "ఏంది సుగుణా, షిఫ్టు దిగే టైం అయితే చాలు నీ మొహం సున్నం కొట్టినట్టయితది? జ్యోతినగర్ల ఒక మేడమ్ ఉన్నది, ఫోన్లనే నేర్పుతది. మంత్రాలు గింత్రాలు ఏం లెవ్వు, ఫికర్ చెయ్యకు" అని తనే నన్ను ఆ వాట్సాప్ గ్రూపులో చేర్పించింది.

ఆ మేడమ్ పేరు పద్మజ గారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇంజనీరు గారి భార్య. దానిని ఎనర్జీ హీలింగ్ అనేవారు. ముందు కళ్ళు మూసుకొని బాధను తలచుకొని దానికి ఒక అంకె ఇవ్వాలి, సున్న అంటే ఏ బాధా లేనట్టు, పది అంటే ఇక తట్టుకోలేనట్టు. ఆ తరువాత కనుబొమల దగ్గర, కళ్ళ కింద, మెడ కింది ఎముక మీద రెండు వేళ్ళతో తడుతూ ఆ బాధను పైకి చెప్పుకోవాలి, మళ్ళీ అంకె చూసుకొని గ్రూపులో రాయాలి. ఒంట్లో శక్తి పారే దారులున్నాయని, తడితే అవి తెరుచుకుంటాయని ఆమె నమ్మకం. అది నిజమో కాదో నాకు తెలియదు, నా వేళ్ళు తడుతుంటే నా నోరు యేసయ్యా అంటూనే ఉండేది. మొదటి రోజు పది అని రాశాను, తట్టాక తొమ్మిది. ఊపిరి కొంచెం ఆడింది, అంతవరకే, తెల్లారేసరికి మళ్ళీ పదే.

వారం తిరక్కుండా ఆ గ్రూపులో మన సంఘపు సహోదరి ఒకామె పేరు కనబడింది. సమాధానం ఉందని నేను సాక్ష్యం చెప్పింది ఆమె ఎదుటనే కదా! ఇక పది ఎట్లా రాస్తాను, ప్రభువు నామానికి అవమానం కదా అనుకున్నాను. ఆ రోజు ఐదు అని రాశాను, తరువాత మూడు, తరువాత ఒకటి. అందరూ సంతోషంతో పువ్వుల బొమ్మలు పెట్టారు. నా సాక్ష్యానికి సరిపోయేటట్టు నా అంకెను దిద్దుకున్నాను, సహోదరులారా, లోపల మాత్రం పది పదిగానే ఉంది.

ఇంతలో విశ్వాసులు ఇటువంటివి చేయవచ్చా అని మన సంఘం గ్రూపులో చర్చ లేచింది. నా పేరు బయటపడుతుందని భయపడి, నేను వేరు అనిపించుకోవడానికి, పద్మజ గారి గ్రూపులో ఇట్లా రాశాను: నా బాధ తీసింది యేసయ్య, మీ తట్టుడు కాదు, ఇది దయ్యపు పని, ఇందులో ఉన్నవాళ్ళంతా నాశనమవుతారు. రజియక్క కూడా అందులోనే ఉంది, ఆ సంగతి తెలిసే రాశాను. ఇక చూడండి, ఒకరు నన్ను తిట్టారు, ఇంకొకరు నా దేవుణ్ణి తిట్టారు, నేనూ తగ్గలేదు.

అప్పుడు పద్మజ గారు రాశారు: "సుగుణ గారి దేవుణ్ణి అన్న మాటలు తీసేయండి, ఇక్కడ ఎవరి నమ్మకాన్నీ ఎవరూ కించపరచకూడదు. సుగుణ గారూ, మీ ప్రభువే తీసేశాడంటే నాకు సంతోషమేనండీ. కానీ ఒకటి దగ్గరున్న మనిషి ఇంత కోపంగా రాయరు. ఇవాళ మీ అంకె నిజంగా ఎంతండీ?"

నా భుజం మీదుగా గ్రేస్ అది చదివింది. మెల్లగా అన్నది, "ఒకటని రాసినవా అమ్మా? నువ్వు అన్నం తిని మూడు రోజులాయె. నాకు నువ్వొక్కదానివే ఉన్నవ్ కదా."

వంటింట్లోనే మోకాళ్ళ మీద పడ్డాను. బిడ్డ వింటుండగానే ప్రార్థించాను. "ప్రభువా, నాకు సమాధానం లేదు. నీ పేరు మీద అబద్ధం చెప్పిన. నాకు బతకాలని లేదయ్యా. పదే ఉన్నది, మొదటి సంది పదే ఉన్నది. ఎట్ల తీసేస్తవో నాకు తెల్వది, గని నీకు చెప్పకుంట దాచిపెట్టుడు నాతోని కాదిగ." వెలుగేమీ కనబడలేదు, స్వరమేమీ వినబడలేదు. బిడ్డ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. లేచి, గ్రూపులో పది అని రాశాను, అందరినీ క్షమించమని అడిగాను. ఎవరూ నన్ను వెక్కిరించలేదు.

పద్మజ గారు వెంటనే ఫోన్ చేశారు. "పది అంటే అది నా చేతిలో పని కాదండీ, రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అందాకా ఒంటరిగా ఉండకండి" అన్నారు. మరునాడు రజియక్క సెలవు పెట్టి మరీ మా గుమ్మం ముందు నిలబడింది. ఆమె మొహం చూడలేకపోయాను. "నన్ను దయ్యాలల్ల కలిపినవ్ గని, ఆటోల మాత్రం నా పక్కనే కూసోవాలె, నడువ్" అన్నది. దవాఖానలో డాక్టరమ్మ నా మాటలన్నీ విని మందులు రాసింది, వారం వారం వచ్చి మాట్లాడమన్నది. నేను ఎవరిని నాశనమవుతారన్నానో వాళ్ళ చేతులతోనే ప్రభువు నన్ను పైకి లాగాడు, ఈ సంగతి నేను బతికినంతకాలం మరచిపోను.

పాస్టరయ్యగారికి కూడా అంతా చెప్పాను. ఆయన తల వంచుకొని, నిన్ను తొందరపెట్టి మైకు ఇచ్చింది నేనే కదమ్మా అన్నారు. ఆ ఆదివారం మీ ముందు నిలబడి, ఆనాటి నా సాక్ష్యం నిజం కాదని, నా బాధకు సున్న నుంచి పది దాకా అంకె వేస్తే అది పదేనని చెప్పాను, మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరూ హల్లెలూయా అనలేదు. వెనక చాప మీద కూర్చున్న మరియమ్మ అవ్వ, ఎన్నో ఏళ్ళ కిందటే గనిలో భర్తను పోగొట్టుకున్నది, కూర్చున్నచోటి నుంచే అన్నది: "నాది ఎనిమిది, బిడ్డా. గిన్నేండ్లల్ల ఎవ్వలు అడుగలె."

పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను, కూడిక అయ్యేదాకా వదలలేదు.

నేను పూర్తిగా బాగయ్యానని చెప్పడం లేదు, మళ్ళీ అబద్ధం చెప్పను. ఈ వారం నాది ఆరు, ఒక రోజు నాలుగు. అయినా రోజూ రెండు పూటలా అన్నం తింటున్నాను, పొద్దున లేచి తీసుకుపొమ్మని అడగడం మానేశాను, నన్ను మా బిడ్డకు మిగిల్చిన దేవునికి వేయి వందనాలు. ప్రియులారా, మీలో ఎవరైనా దాచుకొని మోస్తుంటే, ఉన్నది ఉన్నట్టే ఆయనకు చెప్పండి, మన పదిని చూసి ఆయన మొహం తిప్పుకునేవాడు కాదు. ఆయనకు చెప్పాక ఇంకొక మనిషికి కూడా చెప్పండి. ఎవరూ లేరనుకుంటే, శుక్రవారం సాయంత్రం మరియమ్మ అవ్వ, నేను ప్రార్థనకు ఆమె ఇంట్లోనే కూర్చుంటున్నాం, రండి.