దిగని పెట్రోలు

మా ఇంటాయనకు కిడ్నీలు పాడై వారం వారం కరీంనగర్‌లో డయాలసిస్ చేయించేవాళ్లం. ఖానాపూర్ నుంచి బస్సులో కూర్చోలేడని మా చిన్నోడు పాత కారు కొన్నాడు. దవాఖానకు తప్ప దాన్ని ఎక్కడికీ తీయనిచ్చేదాన్ని కాదు.

పోయిన ఎండాకాలం ఒకరోజు దారిలో బంకు దగ్గర ఆగాము. పైపు పెట్టగానే టక్కుమని ఆగిపోతోంది, పెట్రోలు వెనక్కి చిమ్ముతోంది. వెనక బండ్లవాళ్లు ఒకటే హారన్లు.

"నీ పైపే ఖరాబైంది, చూస్కో," అన్నాను.

"పైపు మంచిగనే ఉంది పెద్దమ్మా. మీ ట్యాంకుల గాలి బయటికి పోతలేదు. గాలి పోతెనే గద పెట్రోలు దిగేది!" అన్నాడు పోసే అతను.

పక్కనున్న మెకానిక్ కారు కిందికి దూరి గాలిగొట్టం ఊడదీశాడు. దాని నిండా కందిరీగ మట్టిగూడు కట్టింది. అదంతా గీకి శుభ్రం చేసేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. కారులో మా ఆయన పెట్రోలు వాసనకు వాంతులు చేసుకుని ఆయాసపడుతున్నాడు.

దవాఖానకు చేరేసరికి మా మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. సాయంత్రందాకా ఆగమన్నారు.

"ఇంటికి పోదాం పా. నాకిగ ఈ తిప్పలు చాలు," అన్నాడాయన.

"ఊకోండ్రి. ఇంత దూరమొచ్చి ఉత్తగ పోతమా?" అని కసిరాను.

సాయంత్రం చేయించుకున్నాడు. మరుసటి వారం కారు వాకిట్లో పెడితే మాత్రం లేవలేదు. ఎవరినీ బతిమిలాడనిదాన్ని, కాళ్లు పట్టుకున్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెల తిరగకుండానే పోయాడు.

రోగం సంగతి మాకు ముందే తెలుసు. ఒక్క పూటలో మనిషి అంతగా విసిగిపోతాడని మాత్రం నాకు తెలియలేదు.