గిర్ని మెసేజులు ఎవరి ఫోన్‌కు

ఏన్కూరుల నాకు కారం గిర్ని ఉన్నది. మిర్చి పట్టి, ప్యాకెట్లు కట్టి, భద్రాచలంల ఒక పెద్ద దుకాణానికి ఏస్త. నా సరుకు సగం అక్కడికే పోతది. ఒకనాడు పొద్దుగాల్నే ఆ దుకాణపాయన ఫోన్ చేసిండు. "అమ్మా, నీ జీఎస్టీ నెంబరు సస్పెండయినట్టు చూపిస్తున్నది. నెలాఖరుకు సరిచేయించుకో. లేకుంటే నేను వేరేకాడ చూసుకోవాలె, ఏమనుకోకు."

సస్పెండెట్లయితది? బిల్లులన్నీ నెలనెలా తీస్కపోయి ఇచ్చినదాన్నాయె!

నా లెక్కలు చూసేది మా పెదనాన్న కొడుకు. జూలూరుపాడుల ఆఫీసు పెట్టిండు. మావోడే గదా అని, మొదట జీఎస్టీల పేరు రాయించిననాడు ఫోన్ నెంబరు కూడ ఆయనదే ఇచ్చిన. మా దిక్కు అందరం గిట్లనే చేస్తం. ఇగ హెచ్చరికలన్నీ ఆయన ఫోన్‌కే పోయినయి, నాదాక ఒక్కటి రాలె. పోయి అడిగితే "అయితది తియ్ చెల్లె, ఎందుకంత ఆగమైతవ్" అన్నడు. ఆగం కాకుండ ఎట్లుంట? మూతపడేది నా గిర్ని!

వేరే మనిషిని చూసుకోవాలని ఆ దినమే ఖాయం చేసుకున్న. ముందుగాల ఖమ్మం పోయిన. ఏసీ గదిల కూసున్న ఆడిటర్ నా కాయితాలు ముట్టకముందే "సార్ రాలేదా అమ్మా?" అన్నడు. "గిర్ని నాది. సార్‌ని నేనే" అన్న. నవ్విండు. నవ్వితే నవ్వనీ, పట్టించుకోలె. "ఫోన్ నెంబరు మాదే పెట్టేద్దాం, మీకు తలనొప్పి ఉండదు" అన్నడు చూడు, అప్పుడు లేచిన.

"ఆ తలనొప్పి నాకే ఉండనియ్యండి సార్" అని వచ్చి బస్సెక్కిన.

తర్వాత దుకాణపాయన చెప్తే భద్రాచలంల ఒక ఆడమనిషి దగ్గరికి పోయిన. ఆమె కూడ పన్నుల పనే చేస్తది, నాకంటె చిన్నది. గోడకు మొన్నటి వరద మరక ఇంక పోలె. కుర్చీల కూసోకముందే అడిగిన, "మేడం, మెసేజులు ఎవరి ఫోన్‌కొస్తయి?"

"నీకే అక్కా. పని నేను చేస్త, తాళంచెవి నీ దగ్గరుంటది. నాకు కావాల్సినప్పుడు ఫోన్ చేస్త, నువ్వు నీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ అంకెలు చదువు."

"గిర్ని నడుస్తుంటే నాకేం ఇనపడదు గదా!"

"అయితే గిర్ని ఆపు. నీ పనికోసం గంతసేపు ఆపలేవా?"

అబ్బ, ఏం మాటన్నది! నాకు మస్తు నచ్చింది. ఇగ ఇంకో తలుపు కొట్టలె.

ఆగిన రిటర్నులన్నీ ఏస్తే నెంబరు మళ్ల లేస్తదని చెప్పింది. కని జీఎస్టీ సైటు లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలె, అదేమో మా అన్న ఫోన్‌కే పోతది. తెల్లారి పోయి ఆయన ముందట కూసున్న. మేడంను ఫోన్ల ఉంచిన.

"లెక్కలు బయటోళ్లకు ఇస్తవా చెల్లె? నేనేమన్న తిన్ననా?"

"తినలేదన్నా. చూడలేదు."

బల్లమీద ఆయన ఫోన్ టింగుమన్నది. దానిమీద చెయ్యి పెట్టిండు, తియ్యడు. నేను కదలలె. జరసేపటికి తీసి చదువుడు మొదలుపెట్టి, నడిమిట్ల ఆపిండు. "అయితే ఇగ మా ఇంటికి రావా?"

అప్పటిదాక ఉన్న కోపమంత ఎటుపోయిందో! పాపం అనిపించింది. "ఎందుకు రాను? కొత్త కారం పట్టంగనే మొదటి ప్యాకెట్ ఎప్పటిలెక్కనే వదినకు. లెక్కలు మాత్రం మేడంకాడ."

మిగిలిన అంకెలు చదివిండు. "లోపలికొచ్చినం అక్కా" అన్నది మేడం. "ఇగ నీ ఫోన్ నెంబరు చెప్పు, అది ఎక్కిద్దాం."

నేను చెప్పుడు మొదలుపెట్టిన. సగం చెప్పిన్నో లేదో, మిగిలిన సగం అన్ననే చెప్పిండు, ఎక్కడా చూడకుండ, గడగడ.

"నోటికొచ్చునాయె అన్నా" అన్న. "మరి ఒక్కసారన్న ఫోన్ చెయ్యకపోతివి."