ఎక్సెల్ షీటుకు పూసిన పసుపు

2023 ఎండాకాలం. కడపలో నా కంప్యూటర్ షాపు ముందు ఆపిన స్కూటర్ సీటు మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ అయ్యేది. ఉల్లిపాయలు తరిగిచ్చే ఓపికే ఎవరికీ లేదు. అంతటి ఎండలో, ఊరి బయట నాపరాతి బండల యార్డు నడిపే ఓబుల్ రెడ్డన్న నాకు కబురు పంపాడు.

ఆయన గుమస్తా మస్తాన్ యార్డులోని సరుకంతా ఏళ్ల తరబడి ఒకే ఎక్సెల్ షీటులో ఎక్కిస్తూ వచ్చాడు. ఆ ఫైలు తెరవమని చెప్పి టీ తాగొచ్చి, ఒక కునుకు తీసి లేచినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. కంప్యూటర్ ఫ్యాను హెలికాప్టర్ లేస్తున్నట్టు మోగేది. ఆ సరుకును డేటాబేస్ ప్రోగ్రాంలోకి మార్చడం నా పని. దీన్నే ఇంపోర్ట్ అంటాం. ఎక్సెల్ గోనెసంచి లాంటిది, ఏం వేసినా పడుతుంది. డేటాబేస్ వంటింటి అలమర. కందిబేడల డబ్బాలో బెల్లం వేస్తే ఒప్పుకోదు. ఆ డబ్బాలను ఫీల్డులు అంటాం. మస్తాన్ అయితే బండ మందం రాయాల్సిన చోట ‘బాగానే ఉండాది’ అని కూడా రాసి పెట్టాడు.

నేను ఒక్కో గడినీ పోలీసులా విచారించాను.

“లాట్ నంబరంటే ఏంది మస్తాన్?”

“ఒకే పొరలో తీసిన బండలన్నిటికీ ఒకే నంబరన్నా. పొర మారితే రంగు మారుతాది.”

ఒక్క ఎర్రర్ లేకుండా ఇంపోర్ట్ పూర్తయింది. కడప గడ్డ మీద అంత శుభ్రమైన ఇంపోర్ట్ అంతకుముందు జరగలేదని ఇప్పటికీ నా అభిప్రాయం. కూలీలు ఇకమీదట ప్రోగ్రాం ఇచ్చే లిస్టు చూసి లారీకి ఎత్తుతారని చెప్పి, కాలరెగరేసుకుని వచ్చేశాను.

మూడో రోజు రెడ్డన్న ఫోను. “ఏమప్పా, నువ్వు వస్తాండావా, నన్నే రమ్మంటావా?”

ఆ గొంతు విన్నాక నా స్కూటర్ పెట్రోలు లేకుండానే యార్డు చేరింది.

అక్కడ గౌసియక్క నిలబడి ఉంది. ఊళ్లో పేరున్న టైలరు. కుట్టుమిషను తొక్కి తొక్కి ఇల్లు కట్టుకుంది. శుక్రవారం, జుమ్మా రోజు కొత్తింట్లో చేరాలి. హాల్లో సగం బండలు పరిచారు. మిగతా సగం తీసిపెట్టమని ముందే చెప్పింది. ఆ బండలే పొద్దున యర్రగుంట్లలో ఎవరో కట్టే లాడ్జికి లారీ ఎక్కి వెళ్లిపోయాయి. క్వారీలో ఆ పొర అయిపోయింది. మళ్లీ కావాలంటే భూదేవిని కొత్తగా వండమనాలి.

“సగం హాలు నల్లగా, సగం బూడిదగా ఉంటే వచ్చినోళ్లు చదరంగం ఆడుకుంటారా రెడ్డన్నా?” అంటోంది గౌసియక్క. మాట ఎకసెక్కంగానే ఉంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

రెడ్డన్న నావైపు వేలు చూపించాడు. “నేను కాదు తల్లీ, కంప్యూటరు అమ్మేసింది.”

ప్రోగ్రాం తెరిచాను. ఆ లాట్ అమ్మకానికి సిద్ధం అనే చూపిస్తోంది.

“అక్కకు తీసిపెట్టినట్టు యాడ రాసినావు మస్తాన్?”

“రాయలేదన్నా. పూసినా.”

“ఏంది పూసింది?”

“పసుపు! మన యార్డులో ఎవరికన్నా తీసిపెట్టిన బండకు పసుపు పూస్తాం కదా. షీటు వచ్చినాక బండకు మానేసి, షీటుకే పూస్తాండా.”

పాత ఫైలు తెరిస్తే, నిజమే, గౌసియక్క లాట్ వరుస ఆ చివర నుంచి ఈ చివరకు పసుప్పచ్చగా మెరుస్తోంది. ఇంపోర్ట్ గడిలోని అక్షరాన్నీ అంకెనూ మోసుకొస్తుంది. గడికి వేసిన రంగును వాకిట్లోనే వదిలేస్తుంది.

“అన్నీ అడిగితి కదా, ఇది చెప్పలేదేం?”

“నువ్వు గడులు అడిగితివన్నా. పసుపు గడి కాదు కదా!”

హైకోర్టు లాయరును తెచ్చినా ఈ వాదనను ఓడించలేడు.

రెడ్డన్న లారీ డ్రైవరుకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టాడు. ఎత్తలేదు. గౌసియక్క ముఖం వాడిపోయింది. అప్పుడు మస్తాన్ అన్నాడు: “ఆయప్ప కమలాపురంలో కారం దోశ తినకుండా ముందుకు పోడన్నా. ఆ హోటలుకే ఫోను చేద్దాం.”

హోటలాయన పిలిస్తే డ్రైవరు ఎంగిలి చేత్తోనే ఫోనందుకున్నాడు. “తిప్పుతానన్నా, సగం దోశ మిగిలుండాది.”

“ఇంకోటి నా పేరు చెప్పి తినమను రెడ్డన్నా,” అంది గౌసియక్క. ఆ పొద్దు ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

లారీ తిరిగొచ్చేలోపు పాత షీటును రంగును బట్టి ఫిల్టర్ చేశాను. పసుపు వరుసలన్నీ ఒకచోట చేరాయి. డేటాబేస్‌లో ‘ఎవరికి’ అని కొత్త ఫీల్డు పెట్టి, మస్తాన్ చెబుతుంటే పేర్లు ఎక్కించాను. అందులో పేరున్న బండను ఇంకొకరి లోడింగ్ లిస్టులోకి రానివ్వకుండా తాళం బిగించాను. బండలు ఒక్క మూల కూడా విరగకుండా దిగాయి.

అప్పటినుంచి ఎవరి షీటు ముట్టుకున్నా, గడులన్నీ అయ్యాక ఇంకో ప్రశ్న అడుగుతాను: “గడుల్లో లేకుండా నీకు మాత్రమే తెలిసింది ఏమన్నా ఉందా?” షీటులో ఉండేది సగం యార్డే, మిగతా సగం మస్తాన్ బుర్రలో ఉంటుంది. ఇంపోర్ట్ చేయాల్సింది రెండింటినీ.

ఆ రోజు నేను బయలుదేరేటప్పటికి రెడ్డన్న పసుపు గిన్నె పట్టుకుని, దిగిన ప్రతి బండకూ తానే పూస్తున్నాడు.

“ఏంది రెడ్డన్నా, ఇంత చేసినా కంప్యూటరు మీద నమ్మకం లేదా?”

“శానా ఉండాదప్పా. నువ్వు లోపలికి పోయి చూడు, దానికీ పూసినా.”